గైరమ్మ కడగనన్న గోడ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, నాకు తెలీదు. కొండల పక్క ఒక ఊళ్లో ధర్మాసుపత్రి ఉండేది. అందులో ముసలివాళ్ల గది. ఆ గదికి ఆయా గైరమ్మ. గంజి పట్టేదీ ఆవిడే, పక్కలు మార్చేదీ ఆవిడే, తిట్లు తినేదీ ఆవిడే.

తెల్లారితే మొదటి మంచంలో అసిరినాయుడు "మందొద్దు" అనేవాడు. రెండో మంచంలో తవిటమ్మ "గంజొద్దు" అనేది. ఇద్దరూ కలిసి "నువ్వొద్దు" అనేవాళ్లు. పొద్దున అదే పాట, మధ్యాహ్నం అదే పాట, సాయంత్రం అదే పాట. మూడో మంచంలో ముసలమ్మ మాత్రం నోరు విప్పేది కాదు. సంతలో తప్పిపోయి తిరుగుతుంటే ఎవరో తెచ్చి చేర్చారు. పేరడిగినా, ఊరడిగినా అటు తిరిగి పడుకునేది. ఆమెను అందరూ సంత మామ్మ అనేవాళ్లు.

ఒకరోజు నాయుడూ తవిటమ్మా ఎవరి ఊరు గొప్పదని తగువులాడి గంజి ముంత తన్నేశారు. గైరమ్మకు ఒళ్లు మండింది. పొయ్యిలోంచి ఆరిన బొగ్గుముక్క తెచ్చి వాళ్ల మధ్య పడేసింది.

"నా చెవులు తినకండి! ఆ గోడ మీద గీసుకుని ఏడవండి!"

వాళ్లు నిజంగానే గీశారు. నాయుడు కొండ గీసి, "కొండ కింద మా ఊరు" అన్నాడు. తవిటమ్మ బొగ్గు లాక్కుని ఏరు గీసి, "ఊరి పక్క మా ఏరు" అని కలిపింది.

"నీ ఏరు నా కొండెక్కేస్తంది!" అని నాయుడు అరిచాడు. మళ్లీ తగువే.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. "గోడ కడుగు" అన్నాడు. గైరమ్మ గొణుక్కుంటూ కడిగింది. మర్నాడు వాళ్లు మళ్లీ గీశారు. మళ్లీ కడిగింది. రెక్కలు పడిపోయాయి.

"మీ బొమ్మలకి నిప్పెట్ట!" అంది.

మూడో రోజు తవిటమ్మ ఏరు గీస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏరు అటు కాదు."

సంత మామ్మ! మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి బొగ్గు తీసుకుంది. ఏటిని తూర్పుకి వంచింది. వంపులో రెండు బండలు పెట్టింది. గట్టు మీద ఒక పిల్లను గీసింది.

"ఏటి పక్క పసుపు చేను, చేను గట్టున నా చెల్లి" అంది. అని వెక్కి వెక్కి ఏడ్చింది.

చెల్లి పేరడిగితే చెప్పలేకపోయింది. ఊరి పేరడిగితే గోడ చూపించింది.

డాక్టరు వచ్చాడు. "కడుగు."

"కడగను బాబూ."

"ఏమన్నావ్?"

"ఆ ముసల్దాని ఊరు అందులో ఉంది. నాకు చేతులు రావు. మీకొస్తే మీరే కడగండి." నీళ్ల బాల్చీ ఆయన కాళ్ల దగ్గర ఠక్కున పెట్టి, చేతులు నడుం మీద వేసుకుని నిలబడింది.

డాక్టరు బాల్చీని చూశాడు. సంత మామ్మను చూశాడు. బాల్చీ దాటుకుని వెళ్లిపోయాడు.

ఇక ఆసుపత్రికి ఎవరొచ్చినా గైరమ్మ చెయ్యి పట్టుకుని గోడ ముందుకి ఈడ్చేది. "ఈ ఏరు చూసినావా?" అనేది. చూడలేదని వాళ్లంటే, "మరి కళ్లెందుకు!" అని కసిరేది. చివరికి కాలికి ముల్లు గుచ్చుకున్న పసుపు బేరగాడు ఒకడు ఆ బండలు చూసి కుంటడం మర్చిపోయాడు.

"ఈ వంపులోనే గదా నా ఎడ్లకి నీళ్లు తాపుతాను!" అన్నాడు.

అతను కబురు మోసుకెళ్లాడు, వారం తిరక్కుండా బండి కట్టుకుని చెల్లెలు వచ్చింది. ఆమెకూ పళ్లు లేవు. "ఎక్కడ చచ్చినావే అప్పా ఇన్నాళ్లూ!" అని తిడుతూనే అక్కను కావలించుకుంది. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు.

గైరమ్మ కళ్లు తుడుచుకుని, "ఒక మంచం తగ్గింది, బతికాను" అంది. మర్నాడే ఆ మంచంలోకి ఇంకో ముసలాయన వచ్చాడు. "మందొద్దు" అన్నాడు.

అలా విసుక్కుంటూ విసుక్కుంటూనే గైరమ్మ ముసలిదైంది, పోయింది. గదిలోవాళ్లు ఆమె బొమ్మ గీద్దామనుకున్నారు. ముక్కు పొడుగని ఒకరు, పొట్టిదని ఒకరు, అసలు వంకరని ఒకరు. తగువు తెగలేదు.

ఇప్పటికీ ఆ వైపు ఆసుపత్రుల్లో ఏటా గోడలకి సున్నం వేశాక ముసలివాళ్లకి బొగ్గు ఇస్తారు. ఒకరు గీత గీస్తే పక్కవారు మాట కలుపుతారు. అలా అందరూ కలిసి గైరమ్మను గీస్తారు. ఏ రెండు గోడల మీదా ఆ ముఖం ఒకేలా ఉండదు. ఆమె చేతులు మాత్రం, ఎవరూ చెప్పకుండానే, అందరూ నడుం మీదే పెడతారు.