సాలీడు దువ్విన దారం

అనగనగా నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో గున్నమ్మ అని నూలు వడికే పిల్ల ఉండేదే, బంగారం. తమ్ముడు అసిరయ్య చంటివాడిగా ఉన్నప్పుడే అమ్మ పోతే, వాణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడి పెళ్ళికి వాడికీ పెళ్ళికూతురికీ తన చేతి నూలుబట్టలే కట్టిస్తానని చివరి ఘడియల్లో అమ్మకి మాటిచ్చింది.

వాడు పెద్దయ్యాక పెళ్ళి కుదిరింది. నెల్లాళ్ళే గడువు. ఆ ఊళ్ళో పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ళు సన్నగా ఉంటాయి కదా, చెత్తంతా పోయి పత్తి మెత్తగా వస్తుంది. గున్నమ్మకేమో తొందర. పైపైన దువ్వేసి రాట్నం ముందు కూర్చుంది.

దారం తెగింది. పత్తి మంచిది కాదని పత్తి మార్చింది. మళ్ళీ తెగింది. రాట్నం పాడైందని వడ్రంగికి చూపించింది. మళ్ళీ తెగింది. ఎవరిదో పాడు దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గులే గానీ దారం తెగుతూనే ఉంది. అలా పదిహేను రోజులు పోయాయి.

ఆ తర్వాత ఏడుపుమొహంతో పెరట్లోకి వెళ్ళింది. ఎండిన పత్తిమోడు కొసన నువ్వుగింజంత సాలీడు గూడు కడుతోంది. ముగ్గులా ఉండే గూడు కాదే, చిక్కుచిక్కుగా వల. దాని వెనక కాలికి దువ్వెన లాంటి వెంట్రుకలున్నాయి. కాస్త దారం తీస్తుంది, దువ్వుతుంది. మళ్ళీ కాస్త తీస్తుంది, దువ్వుతుంది. ఆ దారానికి జిగురే లేదు. అయినా దువ్వీ దువ్వీ పొంగిన ఆ పోగుల్లో దోమ కాలు చిక్కుకుని ఇక రాలేదు. తప్పు తన చేతిదేనని తెలిసి గున్నమ్మకి సిగ్గేసింది.

అప్పుడు మొదట్నుంచీ దువ్వింది, పిడికెడు పిడికెడుగా, నిదానంగా. దారం నిలిచింది. కానీ పోయిన రోజులు వస్తాయా తల్లీ? ముహూర్తం నాటికి మగ్గం మీంచి ఒక్క చీరంత గుడ్డే దిగింది.

గున్నమ్మ తమ్ముడి ముందు తలెత్తలేకపోయింది. తొందరపడి చెడగొట్టానని, అమ్మకిచ్చిన మాట తప్పానని చెప్పి, ఈ ఒక్కటీ నువ్వే కట్టుకోమంది. అసిరయ్య దాన్ని తీసుకెళ్ళి పెళ్ళికూతురి చేతుల్లో పెట్టాడు.

"ఇది మా అప్ప నూలు. ఊహ తెలిసినప్పట్నుంచీ నేను కట్టుకుంటూనే ఉన్నాను. ఇవాళ్టి నుంచి నువ్వు కట్టుకో."

వాడు సంతలో కొన్న పంచెతోనే పీటల మీద కూర్చున్నాడు. పక్కన కొత్త చీరలో పెళ్ళికూతుర్ని చూసి గున్నమ్మకి ఏడుపాగలేదు.

కథ వెళ్ళె కంచికి, మనమేమో మంచానికి.
దూది వెళ్ళె రాట్నానికి, నిద్ర వచ్చె కంటికి.