రాజుగారి చేతులు

అనగనగా, మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, రేవుపురమనే చిన్న రాజ్యాన్ని గుణశేఖరుడు పాలించేవాడు. రాణి కన్నుమూశాక, ఐదేళ్ల కూతురు హేమవల్లే ఆయన ప్రాణం.

రాజుకు గుర్రాలంటే మహా ఇష్టం. రోజూ పొద్దుటే గుర్రపుశాలకు వెళ్లి, వాటి ఒళ్లు రుద్ది, గిట్టల్లో లద్దె తీసి వచ్చేవాడు. రాగానే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం ముద్దలు తినిపించేవాడు. నాన్న పెడితే తప్ప ఆ పిల్ల తినేది కాదు.

ఒకనాడు దాది అక్కమాంబ కుంకుడు రసం, చెంబెడు నీళ్లు తెచ్చింది. "ప్రభూ, చేతులు కడుక్కోండి" అంది.

"నా గుర్రాలకు మురికేమిటి?" అని రాజు నవ్వాడు.

మరునాడూ అడిగింది. "చూడు, మట్టి కనిపిస్తోందా?" అంటూ ఆయన అరచేతులు ఉత్తరీయానికి తుడుచుకున్నాడు.

మూడోనాడు ఆయనకు కోపం వచ్చింది. "నా బిడ్డకు అన్నం పెట్టడం నువ్వు నాకు నేర్పుతావా?"

అక్కమాంబ తలవంచుకుని వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు.

ఆ వానాకాలంలో పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యుడు కషాయాలిచ్చాడు. గంజి పట్టారు. ఏదీ కడుపులో నిలవలేదు. మూడోరోజు సాయంత్రం "నాన్నా, దాహం" అంది. రాజు నీళ్లు తెచ్చేలోగా కన్నుమూసింది.

రాజు దుఃఖంతో పిచ్చివాడయ్యాడు. "నా చిట్టితల్లికి విషం పెట్టిందెవరు?" అని సభలో గర్జించాడు.

వంటవాడు పాలవాణ్ని చూపించాడు. పాలవాడు నీళ్లు మోసేవాణ్ని చూపించాడు. నీళ్లవాడు భోరున ఏడ్చాడు.

"ముగ్గురినీ ఉరితీయండి!"

అప్పుడు అక్కమాంబ ముందుకొచ్చింది. "వాళ్లను వదిలేయండి ప్రభూ. ఇది విషం కాదు, మురికి తెచ్చిన జబ్బని వైద్యులవారే అన్నారు."

"ఎవరి మురికి?"

"పాప మీ చేతి ముద్ద తప్ప ఏదీ తినలేదు కదా, ప్రభూ."

అక్కమాంబ ఆయన ముందు మోకరిల్లింది.

"మీ కోపానికి జడిసి నేను అడగడం మానేశాను. అందులో నా తప్పూ ఉంది. శిక్ష నాకు వేయండి."

రాజు తన అరచేతులను చాలాసేపు చూసుకున్నాడు. వాటితోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. ముగ్గురినీ విడిపించి, అక్కమాంబకు అందరి ముందూ చేతులు జోడించాడు.

ఆ తర్వాత ఊరూరా పిల్లల అన్నశాలలు కట్టించాడు. వాకిట్లో తానే నిలబడి పిల్లల చేతులకు కుంకుడు రసం రాసి, నీళ్లు పోసేవాడు. ఒకరోజు ఓ చిన్నపిల్ల నురగ రుద్దుకుంటూ అడిగింది: "రాజుగారూ, మా నాన్న కూడా కడుక్కోవాలా?"

రాజు ఆ చేతులపై నీళ్లు పోశాడు. అప్పుడు అన్నాడు: "ముందు నాన్నే కడుక్కోవాలి, తల్లీ."

పిల్లలూ, ఎంత ప్రేమతో పెట్టే ముద్దయినా కడిగిన చేత్తోనే పెట్టాలి. మన మేలుకోరే మాట ఎవరు చెప్పినా సమయానికే వినాలి.