గాడిద ఎక్కే హక్కు

వెనకటికి మందారగిరి రాజ్యాన్ని ఉద్దండ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. పంటలు పోయిన ఏడు పన్ను మాఫీ చేసేవాడు, దొంగలను ఊళ్ళోకి రానిచ్చేవాడు కాదు. కానీ ఆయనకు రెండు పిచ్చులుండేవి. ఒకటి బిరుదుల పిచ్చి. ఆయనకు పదహారు బిరుదులు. సభకు వచ్చినా, భోజనానికి కూర్చున్నా, స్తోత్రాలు చదివే వంది ఎదురుగా నిలబడి ఆ పదహారూ వరసగా చదవాలి. రెండోది వంశం పిచ్చి. గుర్రాన్ని చూసినా, గుమస్తాను చూసినా, "ఎవరి రక్తం?" అనేది ఆయన మొదటి ప్రశ్న.

ఆ రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే కొలువు కోనప్పది. ఆకులు, వక్కలు, సున్నం పెట్టుకునే వెండి పెట్టెను అడపం అంటారు. అది పట్టుకుని సింహాసనం పక్కనే నిలబడతాడు కాబట్టి అందరూ అడపం కోనప్ప అనేవారు. చేతికి ఎంత పనితనమో నోటికి అంత చమత్కారం. సభలో ఆచితూచి మాట్లాడేవాడు గానీ, ఇంట్లో భోజనాల దగ్గర మాత్రం ఆనాటి కొలువంతా అభినయించి చూపేవాడు. భార్య మాచమ్మ కన్నా కూతురు సూరాంబ ఎక్కువ నవ్వేది.

సూరాంబకు పద్దెనిమిదేళ్ళు. ఇంకా పెళ్ళి కాలేదు. ఆ ఏడు పొరుగు రాజ్యం నుంచి ఒక పండితుడు వచ్చి, మీ రాజుగారి చేత రోజూ తల వంచించగలవాడు ఈ ఊళ్ళో ఉన్నాడా, ఉంటే పేరు చెప్పండని సభకు సవాలు విసిరాడు. గురువని ఒకరు, దేవుడని ఒకరు చెప్పారు. వాళ్ళు రోజూ తల వంచిస్తారా అని పండితుడు అందరినీ కొట్టిపారేశాడు. మూడో రోజున తండ్రికి ఆకుల బుట్ట ఇవ్వడానికి వచ్చిన సూరాంబ, అనుమతి అడిగి, "ఉన్నాడు. మంగలి పాపన్న. ఆయన ఎటు వంచమంటే ప్రభువులు అటు వంచుతారు" అంది. పండితుడు నవ్వి ఓటమి ఒప్పుకున్నాడు. కోపగించుకోవాలో సంతోషించాలో రాజుకు కాసేపు అర్థం కాలేదు. పొరుగువాడు ఓడాడు కాబట్టి సంతోషించాడు. సింహాసనం పక్కన కోనప్ప మాత్రం ఆ రోజంతా పెదవులు బిగపట్టుకునే ఉన్నాడు, నవ్వు బయటపడకుండా.

ఆ తరవాత పది రోజులకు ఎర్రక్క కబురు పెట్టింది. ఎర్రక్క కోటలో పాత మంత్రసాని, మంచం పట్టి ఉంది. పోయేలోగా ఒక నిజం చెప్పుకోవాలంది. మంత్రి వెళ్ళి విని, ముఖం పాలిపోయి తిరిగొచ్చాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట రాజపరివారం తీర్థయాత్ర నుంచి వస్తూ ఏటి ఒడ్డున విడిది చేసింది. పగటిపూటే పెద్ద గాలివాన. రాణిగారికీ, కోనప్ప భార్యకూ ఒకే గుడారంలో పురుళ్ళొచ్చాయి. ఇద్దరికీ ఆడపిల్లలే. గాలికి గుడారం కూలింది. ఎర్రక్క ఇద్దరు పిల్లలనూ ఒకే దుప్పట్లో చుట్టుకుని పరుగెత్తింది. తరవాత ఎవరి బిడ్డను వారికి ఇచ్చాననుకుంది. మూడో నాడు నీళ్ళు పోస్తుంటే, రాణిగారి బిడ్డకు చెవి వెనక తను చూసిన పుట్టుమచ్చ కోనప్ప ఇంట్లో పిల్లకు కనిపించింది. భయపడి నోరు మూసుకుంది. రాణిగారు ఐదేళ్ళకే కాలం చేశారు. ఎర్రక్క ఆ మాటను గుండెలో దాచుకుని ఇన్నాళ్ళు బతికింది.

మంత్రి ఈ సంగతి రాజుతో చెబుతున్నప్పుడు కోనప్ప పక్కనే తాంబూలం చుడుతున్నాడు. విన్నాడు. చేతులు వాటంతట అవే ఆకు మడిచి అందించాయి. ముప్పై ఏళ్ళ కొలువులో మొదటిసారి సున్నం ఎక్కువైంది. రాజుకు నాలుక పొక్కింది, కానీ ఆయనకది పట్టలేదు.

"అనుకుంటూనే ఉన్నాను. ఆకులు చుట్టేవాడి ఇంట్లో అంత తెలివి ఎలా పుడుతుంది? అది నా రక్తం" అన్నాడు రాజు.

కోనప్పకు సూది గుచ్చినట్టయింది. ఎదుటి ఆసనంలో రాజకుమారి కనకాంబ కూర్చుని ఉంది. ఆ ముఖాన్ని ఆయన కొన్ని వందల సార్లు చూశాడు. ఇప్పుడు చూస్తే ఆ గడ్డం తన తల్లిది. కానీ ఆ గడ్డాన్ని పైకెత్తి పట్టుకునే తీరు మాత్రం అచ్చం రాజుగారిది. వంది ఒక బిరుదు మింగేస్తే వెనక్కి పిలిచి చదివించే పిల్ల ఆమె. ఇప్పుడా గడ్డం వణుకుతోంది.

రాజు అక్కడికక్కడే నిర్ణయించేశాడు. శుక్రవారం సభలో శాసనం రాయించి ముద్ర వేస్తారు. సూరాంబ అంతఃపురానికి వస్తుంది. కనకాంబ కోనప్ప ఇంటికి వెళుతుంది, ఆమెకు జరుగుబాటుకు ఒక ఊరు రాసిస్తారు. అమ్మాయిలను ఎవరూ ఏమీ అడగలేదు.

కోనప్ప ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మాచమ్మ చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. చివరికి, "కన్నదాన్ని పంపిస్తానంటే కళ్ళకద్దుకుని చూసుకుంటాను. పెంచినదాన్ని మాత్రం ఇవ్వను" అంది. రాజు అడగడం లేదు, తీసుకుపోతున్నాడని కోనప్ప చెప్పాడు.

సూరాంబ చెవి వెనక పుట్టుమచ్చను తడుముకుంటూ వచ్చి తండ్రి ఎదుట కూర్చుంది.

"నాయనా, నేను నీకెప్పుడైనా పరాయిదానిలా అనిపించానా?"

"ఒక్కపూటా అనిపించలేదు. పొద్దుటినుంచీ అనిపిస్తుందేమోనని చూస్తున్నాను. ఇప్పటికీ లేదమ్మా."

"అయితే నీ దగ్గర దాచినది ఒకటుంది, చెప్పేస్తాను" అందామె. "ఆ పదిహేడో బిరుదు రాసింది నేనే."

ఆ గొడవ ఊరందరికీ తెలిసిందే. నెల కిందట రాజు తన పదహారు బిరుదులనూ రాతి మీద చెక్కించి అంగడి వీధిలో నిలబెట్టించాడు. రెండో రోజుకు ఎవరో వాటి కింద బొగ్గుతో, 'బిరుదులు ముగిసేలోపు అన్నం చల్లారిపోవు మహారాజు' అని రాశారు. ఊరు ఊరంతా నవ్వింది. రాజు మండిపడి ఆజ్ఞ జారీ చేశాడు. రాసినవాడి ముఖాన సున్నపు బొట్లు పెట్టి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, నాలుగు వీధులూ ఊరేగించాలి. అంతటితో ఆగకుండా, రాసింది పెళ్ళికాని పిల్లయితే ఆ శిక్ష తండ్రికి పడాలని కూడా చేర్పించాడు. రాసిందెవరో ఇప్పటిదాకా దొరకలేదు.

కోనప్ప కూతురి ముఖంలోకి చూశాడు. నవ్వు ఆగింది కాదు. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. మాచమ్మ ఆయనకేమైనా అయిందేమోనని దగ్గరికి వచ్చింది. రాజుగారి అన్నం చల్లారిపోవడం గురించి తను ఈ వసారాలోనే ఎన్నిసార్లు అభినయించి చూపాడో కోనప్పకు గుర్తుంది. రక్తం రాజుగారిదైతే కావచ్చు. ఆ వాక్యం మాత్రం ఈ ఇంట్లో పుట్టింది. పొద్దున తగిలిన సూదిపోటు ఎక్కడ పోయిందో తెలియలేదు. ఆయన ఛాతీ నిండుగా ఊపిరి తీసుకుని, శుక్రవారం తాను ఏం చేయబోతున్నాడో ఇద్దరికీ చెప్పాడు. శిక్ష నీకెందుకు, నేను తప్పు ఒప్పుకుని కాళ్ళ మీద పడతానని సూరాంబ అంది. ఆయన ఒప్పుకోలేదు.

శుక్రవారం సభ కిటకిటలాడింది. లేఖకుడు శాసనం చదివాడు. మంత్రి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు కోనప్ప అడపాన్ని కింద పెట్టి ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ముద్ర పడకముందు చిన్న సందేహం ప్రభూ. సూరాంబ ఏలినవారి కూతురు ఏ రోజు నుంచి? ఇవాళ్టి నుంచా, పుట్టినప్పటి నుంచా?"

రాజు చిరాకు పడ్డాడు. "రక్తానికి ఇవాళ, నిన్న ఉంటాయా? పుట్టిన క్షణం నుంచి."

"అంటే పోయిన నెలలో కూడా ఆమె ఏలినవారి బిడ్డే."

"పోయిన నెలలోనూ అంతే."

"అయితే ఆమె ఒక తప్పు ఒప్పుకోవాలంటోంది. నాకు సంబంధం లేని విషయం కాబట్టి ప్రభువులకే విన్నవించమన్నాను."

సూరాంబ ముందుకొచ్చి, అంగడి రాతి మీద బొగ్గుతో రాసింది తానేనని చెప్పింది. రాతి మీది అక్షరాల పొందిక ఎలా ఉందో లేఖకుడి ఎదుట పలక మీద రాసి చూపించింది. లేఖకుడు తల ఊపాడు. సభలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఈ నేరం మీద ఏలినవారి ఆజ్ఞ ఏదో ఉన్నట్టు గుర్తని కోనప్ప వినయంగా అన్నాడు. లేఖకుడు ఆ తాటాకు వెతికి తీసి, చదవనా వద్దా అన్నట్టు మంత్రి వైపు చూశాడు. చివరికి చదివాడు. సున్నపు బొట్లు. వెనక్కి తిప్పి. నాలుగు వీధులు. పెళ్ళికాని పిల్లయితే తండ్రికి.

చదవడం అయ్యేసరికి బయట ముంగిట్లో గాడిద ఓండ్రపెట్టింది. చాకలి వీధి నుంచి కోనప్పే దాన్ని పొద్దున్నే తోలుకొచ్చి కట్టేశాడు.

రాజు ముఖం ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకోని వాడని ఆయన తొమ్మిదో బిరుదు. గాడిద ఎక్కితే మిగిలిన పదిహేను ఏమవుతాయో ఆయనకు తెలుసు.

"కోనప్పా, నన్ను గాడిద ఎక్కించడానికి వచ్చావా?" అన్నాడు మెల్లిగా.

"లేదు ప్రభూ. ఎక్కేవాడు తండ్రి. ఆ తండ్రి ఎవరో మీరే తేల్చాలి. రక్తం మీది, కాదనను. కానీ ఆ రాతి మీది మాట నా వసారాలో పుట్టింది. ఆ పిల్ల తెలివిని మీరు మెచ్చుకుంటే నాకెంత గర్వమో, దాని తప్పుకు ముఖాన సున్నం పూసుకోవడానికీ నాకంతే గర్వం. మెప్పు ఒకరికి, సున్నం ఒకరికి పంచడం కుదరదు. రెండూ కలిపి ఎవరు తీసుకుంటే వాళ్ళదే బిడ్డ."

రాజు దగ్గి, ఎర్రక్క వయసు చాలా ఎక్కువనీ, గాలివానలో కళ్ళు సరిగా కనబడవనీ, పుట్టుమచ్చలు లోకంలో ఎందరికో ఉంటాయనీ అన్నాడు. మంత్రి ముద్రను మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

"సూరాంబ నీ కూతురు" అన్నాడు రాజు. "శాసనం చించెయ్యండి. కానీ ఆజ్ఞ ఆజ్ఞే."

"మహాప్రసాదం" అన్నాడు కోనప్ప.

అడపం తెరిచి, సున్నం వేలితో తీసుకుని, నుదుటి మీద, రెండు బుగ్గల మీద తనే బొట్లు పెట్టుకున్నాడు. ముంగిట్లోకి వెళ్ళి, గాడిద తోక వైపు తిరిగి కూర్చున్నాడు. సూరాంబ తాడు పట్టుకుంది. భటుడు అడ్డం వస్తే, "మా నాయన గాడిదను నేనే నడుపుతాను" అంది. మాచమ్మ పమిట నడుముకు దోపి వాళ్ళ వెంట నడిచింది.

గాడిద మీద కూర్చున్నవాణ్ణి చూస్తే జనం రాళ్ళు వేస్తారు, పేడ వేస్తారు. ఆ రోజు ఎవరి చెయ్యీ లేవలేదు. కోనప్ప పట్టపుటేనుగు అంబారీ మీద ఉన్నట్టు వెన్ను నిటారుగా పెట్టుకుని, ఎదురుపడ్డ ప్రతివాడికీ, "నా కూతురు రాసింది. చదివారా? అక్షరం చూశారా ఎంత గుండ్రంగా ఉందో" అని చెబుతూ పోయాడు. రెండో వీధికి వెళ్ళేసరికి పిల్లలు వెంటపడ్డారు. మూడో వీధిలో ఎవరో పూలు చల్లారు.

రాజు మేడ మీద నుంచి ఇదంతా చూస్తున్నాడు. వెనక నుంచి కనకాంబ వచ్చి నిలబడింది. తనను పంపించేస్తానన్న రోజు నుంచి ఆమె తండ్రితో మాట్లాడలేదు.

"నాన్నగారూ, ఆ మాట రాసింది నేనైతే మీరు ఎక్కేవారా?"

రాజు ఆమె వైపు తిరిగాడు. పైకెత్తి పట్టుకున్న ఆ గడ్డాన్ని చూశాడు. తను నేర్పిందే అది. పద్దెనిమిదేళ్ళు తన పళ్ళెంలో అన్నం తిన్న పిల్లను ఒక పుట్టుమచ్చ కోసం ఊరు రాసిచ్చి పంపబోయాడు. మళ్ళీ కిందికి చూసి, "ఆ గాడిద ఎంత ఎత్తు ఉంటుందంటావు?" అని అడిగాడు.

కనకాంబకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దాంతో రాజుకు నవ్వొచ్చింది. మొదట ముసిముసిగా, తరవాత పొట్ట పట్టుకుని. ఆయన అలా నవ్వగా చూసినవాళ్ళు కోటలో ఎవరూ లేరు. నాలుగో వీధి మొదట్లోనే గాడిదను ఆపించి, కోనప్పను సగౌరవంగా సభకు రప్పించి, తన ఉత్తరీయంతో ఆయన ముఖం మీది సున్నం తుడిచాడు. నన్ను ఓడించావని సభ ముందే ఒప్పుకున్నాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. భూమి ఇస్తానన్నాడు, పల్లకి ఇస్తానన్నాడు.

"నాకూ ఒక బిరుదు ఇప్పించండి ప్రభూ" అన్నాడు కోనప్ప. ఏం బిరుదో చెవిలో చెప్పాడు. రాజు మళ్ళీ నవ్వి సరేనన్నాడు.

మర్నాడు పల్లకి ఒకటి కోనప్ప ఇంటి ముందు ఆగింది. కనకాంబ దిగి, లోపలికి రావడానికి తటపటాయిస్తూ గుమ్మంలో నిలబడింది. మాచమ్మ ఏమీ అడగలేదు. పీట వేసి కూర్చోబెట్టి, వేడి అన్నం పెట్టి, కాసేపు ఆ ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది. అన్నం కలపడం రాజకుమారికి సరిగా రాదని సూరాంబ వేళాకోళమాడితే, వంది లేకుండా తినడం ఇదే మొదలని ఆమె కూడా నవ్వింది. అప్పటినుంచి నెలకు నాలుగు సార్లయినా ఆ పల్లకి అక్కడ ఆగేది.

ఇక కొలువులో కోనప్ప అడపం పట్టుకుని సభలోకి అడుగుపెట్టినప్పుడల్లా వంది గొంతెత్తి, "సూరాంబ తండ్రి వేంచేస్తున్నారు" అని ప్రకటించేవాడు. ఒక్కటే బిరుదు, క్షణంలో అయిపోయేది. అందుకే కోనప్ప గుమ్మం దగ్గర అడుగు కాస్త నెమ్మదిగా వేసేవాడట, చివరి అక్షరం దాకా వినడానికి.