ఏడుమడతల కొండకు మకాం మార్చిన రాకుమారులు

అనగా అనగా, ఎండలు ఎవరి మాటా వినని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు చంద్రకేతు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణికేతు, నడిమివాడు జయకేతు, చిన్నవాడు సుకేతు. పెద్దవాడికి అన్నీ తెలుసు. నడిమివాడికి పెద్దవాడికన్నా ఎక్కువ తెలుసు. చిన్నవాడికి ఆకలేసినప్పుడు ఆకలేస్తోందని తెలిసేది, అంతే.

ఒక వేసవిలో ఎండ ఎంతలా కాసిందంటే, రాజుగారు సభ ముగించి లేవబోతే సింహాసనం కూడా ఆయనతో పాటు లేచింది. సరిగ్గా ఆ రోజే ఒక దేశదిమ్మరి వచ్చి, ఉత్తరాన ఏడుమడతల కొండ ఉందనీ, అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా తెల్లవారినట్టే ఉంటుందనీ, మబ్బులు గడప దాకా వచ్చి పలకరించి పోతాయనీ చెప్పాడు. అంతే, అన్నదమ్ములు ముగ్గురూ ప్రయాణం కట్టారు. చూసి రావడానికి కాదు పిల్లలూ, అక్కడే ఉండిపోవడానికి.

రాజుగారు కంబళ్ళు పట్టుకెళ్ళమన్నారు. చల్లదనం కోసం పోతూ కంబళ్ళెందుకని పెద్దవాడు నవ్వాడు. తెలిసినవాళ్ళను నాలుగు మాటలు అడిగి వెళ్ళమన్నారు. అడిగితే మనకు తెలియదని వాళ్ళకు తెలిసిపోతుందని నడిమివాడు నవ్వాడు. చిన్నవాడికి నవ్వు రాలేదు గానీ, అన్నలు నవ్వుతుంటే ఊరుకోవడం బాగుండదని వాడూ కాస్త నవ్వాడు. పన్నెండు పట్టుపంచలు, నాలుగు విసనకర్రలు, ఒక చదరంగం పలక మూట కట్టారు. గుర్రం ఎక్కబోతుండగా మహారాణి పరుగున వచ్చి ఒక బియ్యం బస్తా ఇచ్చింది. అది కూడా బరువేనని అన్నలు మూతి ముడిస్తే, సుకేతు తన గుర్రం మీద వేసుకున్నాడు.

కొండ చేరారు. మొదటి రోజు ఇల్లు కట్టారు. సముద్రపు ఊళ్ళలో ఇంటికి గాలి రావాలి కదా, అందుకని నాలుగు వైపులా కిటికీలు పెట్టారు. గాలి వచ్చింది. వచ్చి, వెళ్తూ వెళ్తూ పైకప్పు తీసుకుపోయింది.

రెండో రోజు అన్నం వండారు. ఎసరు కుతకుతలాడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది, పొద్దు వాలింది, బియ్యం మాత్రం గులకరాళ్ళలాగే ఉన్నాయి. బియ్యానికి ఎవరో చేతబడి చేశారని పెద్దవాడు తేల్చేశాడు. ఆ చేతబడి ఏ రకందో నడిమివాడు తేల్చేశాడు.

మూడో రోజు ముగ్గురూ వణికారు. ఆ పని మాత్రం చక్కగా చేశారు.

ఆ వణుకు దగ్గరలోని గూడెం దాకా వినిపించిందో ఏమో, ఈరమ్మవ్వ అనే ముసలావిడ, ఆమె మనవరాలు చెంగలి పైకి ఎక్కి వచ్చారు. చెంగలి ఆ ఇంటికి కప్పు లేకపోవడం చూసింది, పట్టుపంచలు చూసింది, చివరికి విసనకర్రల దగ్గర ఆగిపోయింది.

"ఇవెందుకు అబ్బాయ్?" అని సుకేతును అడిగింది.

"చలిని అవతలికి తోలడానికి" అన్నాడు వాడు, పళ్ళు టకటకలాడుతుంటే.

చెంగలి నవ్వితే కొండకు అవతలి వైపు మేకలు తలెత్తి చూశాయి. అవ్వ మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. బియ్యం కడిగి పెట్టి, మూత వేసి, మూత మీద తలకాయంత బండరాయి పెట్టింది.

"ఇంత ఎత్తున ఆవిరి తొందరపడి పారిపోతుంది నాయనా. మూత మీద బరువుంటే లోపలే కూర్చుని పని చేస్తుంది" అంది.

అన్నం మల్లెపూవులా ఉడికింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే సుకేతుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. రేపటి నుంచి మీ ఇంటికి మూడు బిందెల నీళ్ళు నేను మోస్తానని చెప్పాడు. అలాగే రోజూ లోయలోకి దిగి నీళ్ళు మోశాడు. గూడెంలో ఒకరు గొంగడి ఇచ్చారు, ఒకరు వాసాలు ఇచ్చారు, నలుగురు వచ్చి గాలికి వీపు పెట్టినట్టు ఇల్లు తిప్పి కట్టి పోయారు. సుకేతు ఒక్కొక్కరి పేరూ అడిగి గుర్తు పెట్టుకున్నాడు. అన్నలు చదరంగం ఆడుకున్నారు.

ఇంతలో ఒక కొండమేక వచ్చి, ఆరేసిన పట్టుపంచ ఒకటి తినేసింది. పెద్దవాడు కర్ర తీశాడు. పోనీలే అన్నా, పట్టు దాని కడుపుకైనా వెచ్చగా ఉంటుందని సుకేతు అడ్డం వెళ్ళాడు. మేక ఆగి, ఆ పిల్లవాడి మొహం బాగా చూసుకుని మరీ వెళ్ళింది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను, దగ్గరికి జరగండి. ఆ కొండ శిఖరం మీద ధూమకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి జుట్టు నల్లగా, సుడులు తిరుగుతూ, పొయ్యి మీంచి లేచిన పొగలా ఉండేది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళను భోజనానికి పిలవడం వాడి అలవాటు. ఒక పొద్దున్న పిలుపు వచ్చింది. ఎవరినైనా అడిగి వెళ్దామని సుకేతు అన్నాడు. భోజనానికి కూడా అడిగి వెళ్ళాలా అని అన్నలు వెళ్ళిపోయారు. సుకేతుకు ఇంకా రెండు బిందెలు మిగిలి ఉన్నాయి, వాడు వెళ్ళలేదు.

అన్నలు కడుపారా తిన్నారు. ఎంతైనా రాజబిడ్డలు, మర్యాద తెలిసినవాళ్ళు. గడప దాటుతూ చేతులు జోడించి, "వెళ్ళొస్తామండీ" అన్నారు.

"అలాగే, రండి" అన్నాడు ధూమకేశుడు, మీసాల్లో నవ్వుకుంటూ.

మర్నాడు ఉదయం అన్నల కాళ్ళు వాళ్ళను అడక్కుండానే శిఖరం వైపు నడిచాయి. సుకేతు పెద్దన్న నడుము పట్టుకుని వేలాడుతూ నేల మీద ఈడ్చుకుపోయాడు గానీ, రాళ్ళు తగిలి పట్టు జారింది. కళ్ళముందే అన్నలు మాంత్రికుడి గడప తొక్కారు, చెరో పక్కా రాయైపోయారు. ఆ పక్కన అలాంటి రాళ్ళే ముప్పై ఎనిమిది వరసగా ఉన్నాయి. గాలి మాంత్రికుడికీ పడదట. ప్రహరీ కట్టుకుంటున్నాడు.

సుకేతు ఏడుస్తూ అవ్వ దగ్గరికి వచ్చి పడ్డాడు. అవ్వ వాడి మోకాళ్ళకు పసరు రాస్తూ విషయం చెప్పింది. ఈ కొండ మాటను పట్టుకుంటుందట. వస్తానన్న మనిషిని వచ్చేదాకా వదలదట. మాంత్రికుడి గడపకు రెండోసారి వచ్చినవాడు రాయైపోతాడట. అందుకే కొండవాళ్ళు సెలవు తీసుకునేటప్పుడు 'పదిలం' అంటారు తప్ప ఇంకో మాట అనరట.

"మా వైపు వెళ్తాను అని ఊరుకుంటే అపశకునమని తిడతారు అవ్వా" అన్నాడు సుకేతు.

"అదే వాడికి కలిసొచ్చింది. పల్లపు దేశం పిల్లలు ఎంత మర్యాదస్తులైతే వాడి గోడ అంత ఎత్తు."

ఇంకో మాట కూడా చెప్పింది, మెల్లగా చెప్పింది. నాలుగో రోజుకు మొదటి మంచు పడుతుంది. మంచు తాకిన రాయి ఇక ఎప్పటికీ రాయే. మాంత్రికుడి ప్రాణం ఏడో మడతలో, ఒక గుహలో, వెండి పంజరంలోని చిలకలో ఉంది. పంజరానికి మూడు గడియలు. ఒక రాకకు ఒక గడియే జరుగుతుంది. పోనీ మూడుసార్లు వెళ్దామంటే, గుహ తలుపుబండ ఒక మనిషికి జన్మలో ఒక్కసారే తెరుచుకుంటుంది.

"మరి ఎవరు తీస్తారు అవ్వా?"

"ఎవరూ తీయకూడదనే కదా నాయనా వాడు అలా పెట్టుకున్నాడు."

అయినా వెళ్తానన్నాడు సుకేతు. దారిలో తినడానికి చెంగలి అన్నం వండుదామని బస్తాలో చెయ్యి పెడితే, అడుగున గుడ్డలో చుట్టిన జాడీ తగిలింది. మహారాణి చెప్పకుండా కుక్కి పంపిన ఆవకాయ. సుకేతు ఆ జాడీని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చెంగలి వేలితో నాకి చూసి, చెవులు రెండూ పట్టుకుని, ఇది కూరా మందా అని అడిగింది. అయినా అన్నంలో కలిపి, ముద్దలు చేసి, ఆకులో కట్టి ఇచ్చింది.

గూడెం దాటగానే కొండమేక దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"నీ పంచ తిన్నాను. ఎక్కు" అంది.

ఒక మడత దాటారు, జారుడు బండలు. రెండో మడత దాటారు, ముళ్ళ పొదలు. మూడో మడత, నాలుగో మడత, అయిదో మడత, మేక ఎగిరితే సుకేతు కళ్ళు మూసుకునేవాడు. ఆరో మడత దాటేసరికి కళ్ళు తెరవడం అలవాటైంది. ఏడో మడతలో గుహ ముందు నిలబడగానే బండ పక్కకు జరిగింది.

లోపల వెండి పంజరం, అందులో చిలక. సుకేతు మొదటి గడియ లాగితే వచ్చింది. రెండోది లాగితే కదలలేదు.

"నీకన్నా ముందు పన్నెండుమంది వచ్చారు. ఒక్కో గడియ తీసి, తల పట్టుకుని పోయారు. వాళ్ళు గుమ్మం దాటగానే గడియ మళ్ళీ పడుతుంది. నువ్వూ వెళ్ళు" అంది చిలక, ఏ కోపమూ లేకుండా.

అంత దూరం వచ్చి ఖాళీ చేతులతో పోవాలంటే ఎవరికైనా నీరసమే. సుకేతు కూర్చుని ఆకు విప్పాడు. ఎదురుగా ఒక ప్రాణి ఉండగా ఒక్కడే తినడం ఎలా? ఒక ముద్ద చిలకకు పెట్టాడు. చిలకలకు కారం తెలియదు పిల్లలూ, పండుమిరపకాయలను జామపండ్లలా తింటాయి. అది ఇష్టంగా తిని, మూడువందల ఏళ్ళలో తనకు ఒకరు ముద్ద పెట్టడం ఇదే మొదటిసారని చెప్పింది. చిలకకు కారం తెలియదు, నిజమే. కానీ ప్రాణం ఎవరిదో నాలుక కూడా వాడిదే కదా. అక్కడ శిఖరం మీద ధూమకేశుడు లేచి గంతులేసి, ఒక సెలయేరు మొత్తం తాగేశాడు.

సుకేతు లేచి, గుమ్మం దగ్గర అలవాటుగా వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. బయట మేక నెమరు ఆపింది. వాడికి ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపు సగంలో ఆగింది.

"మేకా, ఇప్పుడు నేను తిరిగి రావాలి కదా?"

"కొండ ఊరుకోదు."

"మరి నేను రావాలంటే, బండ తెరుచుకోవాలి కదా?"

మేక వాడిని ఎగాదిగా చూసింది. "నువ్వు తెలివైనవాడివా, మర్యాదస్తుడివా?"

"మా అమ్మ మర్యాదే నేర్పింది" అన్నాడు సుకేతు.

లోపల గడియ కూడా మళ్ళీ పడలేదు. వస్తానన్న మనిషి ఇంకా వెళ్ళిపోయినట్టు కాదు కదా మరి.

మర్నాడు కాళ్ళు వాటంతటవే లేచాయి. ఏడు మడతలు దాటారు. జన్మలో రెండోసారి తెరుచుకోని బండ, గొణుక్కుంటూ తెరుచుకుంది. రెండో గడియ జరిగింది. చిలకకు రెండు ముద్దలు. ధూమకేశుడికి రెండు సెలయేళ్ళు. మళ్ళీ గుమ్మం దగ్గర "వెళ్ళొస్తానమ్మా".

మూడో రోజు మూడో గడియ జరిగింది. చిలక నడిచి బయటికి వచ్చి, సుకేతు మణికట్టు మీద కూర్చుంది. అప్పుడే గుహ చీకటైంది. గుమ్మంలో ధూమకేశుడు. నాలుక బయట, కళ్ళలో నీళ్ళు, పొగజుట్టు నిజంగానే పొగలు కక్కుతోంది.

"నా చిలకను దించు. లేకపోతే నిన్నూ గోడలో పెడతాను" అన్నాడు. నాలుక వాచినందువల్ల అది ఏమంత భయంకరంగా వినిపించలేదు.

సుకేతు భయపడలేదని చెప్తే అబద్ధమవుతుంది. అయినా ఎర్రటి ముద్ద ఒకటి తీసి చిలక ముక్కు దగ్గర పెట్టాడు.

"అయ్యా, మా అన్నలను వదలండి."

పెద్దవాణ్ణి వదులుతానన్నాడు మాంత్రికుడు. చిలక ముక్కు తెరిచింది. ఇద్దరినీ వదులుతానన్నాడు. బయట ఆకాశం తెల్లబడుతోంది, రేపు రావలసిన మబ్బు ఒక రోజు ముందే వచ్చేసింది. ఇద్దరినీ తీసుకుని పరుగెత్తితే చాలని సుకేతు కాళ్ళకు అనిపించింది. కానీ గూడెంవాళ్ళు తనను ఎవరి కొడుకువని అడగకుండానే గొంగడి కప్పారని గుర్తొచ్చింది.

"నలభైమందినీ" అన్నాడు.

"గాలికి నా ఇల్లు నిలవదు బాబూ."

"గాలికి వీపు పెట్టి కట్టుకోవడం నేను నేర్పిస్తాను. నాకు నేర్పినవాళ్ళు ఉన్నారు."

చిలక ఓపిక పట్టలేక ముద్ద మింగేసింది. ధూమకేశుడు కేక పెట్టి, ఆ కేకలోనే మంత్రం వెనక్కి చదివేశాడు. మొదటి మంచు రేకు నేలను తాకే లోపల శిఖరం మీద నలభైమంది కుర్రాళ్ళు కళ్ళు తెరిచారు. అందరూ పలచటి పంచల్లోనే ఉన్నారు. కళ్ళు తెరవగానే అందరూ కలిసి వణికారు.

సుకేతు వాళ్ళను దించుకొచ్చేసరికి గూడెం గూడెమంతా గొంగళ్ళు పట్టుకుని ఎదురొచ్చింది. తమ్ముడితో కలిపి నలభై ఒకటి ఎక్కడివని పెద్దవాడు అడిగితే, మీ చిన్నోడు గుహకు వెళ్ళిన రోజు నుంచే నేస్తున్నామని అవ్వ చెప్పింది. పెద్దవాడు ఆ గొంగడి కప్పుకుని, జీవితంలో మొదటిసారి, నాకు తెలియదు అవ్వా, ఏం చెయ్యాలో చెప్పండి అన్నాడు. నడిమివాడు తనకు అంతకన్నా తెలియదన్నాడు.

చిలక అవ్వ ఇంటి చూరు కింద కాపురం పెట్టింది. ప్రాణం ఎక్కడుంటే మనిషి అక్కడ ఉండక తప్పదు, కాబట్టి ధూమకేశుడూ దిగివచ్చి పక్కింట్లో చేరాడు. మంత్రాలు మానేసి మజ్జిగ చిలుకుతున్నాడు. ఆ ఊళ్ళో మజ్జిగ విలువ వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

చెంగలి ఒక రోజు బిందె దగ్గర సుకేతును ఆపి, ఇంకా ఎన్నాళ్ళు మోస్తావని అడిగింది. బతికున్నన్నాళ్ళూ అన్నాడు వాడు. అయితే మా ఇంట్లోనే ఉండి మొయ్యి, దారి కలిసొస్తుంది అంది. పెళ్ళి మాట కొండల్లో అలా మొదలవుతుంది మరి. చంద్రకేతు మహారాజు, మహారాణి కంబళ్ళు కప్పుకుని వచ్చారు. మహారాణి అవ్వ చేతులు పట్టుకుంది, అవ్వ మహారాణి చేతులు పట్టుకుంది, ఎవరు ముందు వదలాలో తెలియక ఇద్దరూ లగ్నం దాకా అలాగే కూర్చున్నారు.

రాజుగారు సుకేతుకు కొండరాజ్యం కట్టబెట్టి కిరీటం పెట్టారు. కొండవాళ్ళకు అంతకుముందు రాజంటే తెలియదు. వద్దంటే అతిథి నొచ్చుకుంటాడని సరేనన్నారు గానీ, రాజును ఉత్తినే కూర్చోబెట్టి ఏం చెయ్యాలో తోచలేదు. బాగా ఆలోచించి, ఉదయం పూట రాజ్యం ఏలమనీ, మధ్యాహ్నం నుంచి మేకలు కాయమనీ చెప్పారు. సుకేతు రెండింటికీ తలవంచి, మీరు ఏ పని ఇచ్చినా నాకు గౌరవమేనన్నాడు. డెబ్భై ఏళ్ళు అలాగే చేశాడు. రాజ్యం ఎలా ఏలాడని అడిగితే ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, మేకలను మాత్రం చాలా బాగా కాశాడట.