దీవెనమ్మ చెప్పని పాఠం

పూర్వం ఏటిగట్టున ఒక ఊళ్లో దీవెనమ్మ అనే చాపలల్లే ఆవిడ ఉండేది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. ఒకసారి సంఘ పెద్దలకు తర్ఫీదునిచ్చే జకర్యా అయ్యగారు వచ్చి, ఆమెను చూసి ముక్కు విరిచారు.

"చదువురాని మనిషి బోధించడమేమిటి? మధ్యాహ్నం గంట కొట్టేలోగా తప్పిపోయిన గొర్రె కథ పిల్లలకూ, పడుచువాళ్లకూ, ముసలివాళ్లకూ రావాలి. రాకపోతే నీ బడి మూతే!"

ఊరు పెద్దది, ఉన్నది ఒక్క పూట. ఆమె ఏం చేసిందో చూడండి. తన బడికొచ్చిన ఇరవైమంది పిల్లలకు మాత్రం కథ చెప్పి, "ఇంటికెళ్లి మీ అన్నకో తాతకో చెప్పండి. తప్పుంటే దిద్దమనండి" అని పంపేసి, చర్చి మెట్ల మీద తీరిగ్గా కూర్చుంది.

గంట మోగింది. అందరిలోకీ మొండివాడైన అబ్రహాము తాతను అయ్యగారు అడిగారు.

"కాపరి గొర్రెను ఎలా తెచ్చాడు?"

"భుజాల మీదండీ. మా మనవరాలు నా మెడెక్కి మరీ చూపించింది!"

ఎవరిని అడిగినా కథ చెప్పేశారు.

"అయినా వీళ్లకు చెప్పింది నువ్వు కాదుగా!" అన్నారు అయ్యగారు.

"చాపలల్లేదాని మాట తాత వింటాడా అయ్యగారూ? మనవరాలి మాటైతే కాదనలేడు. తమరు ఊరూరా తిరిగేది బోధకులను తయారుచేయడానికే కదండీ? ఈ పూట నేను ఇరవైమందిని చేశాను."

అయ్యగారు "సోమవారం పెద్దల తర్ఫీదుకు రా అమ్మా" అన్నారు.

"నేర్చుకోవడానికాండీ?"

"నేర్పడానికి. ముందు వరుసలో నేను కూర్చుంటాను."