వాగుకి పెట్టిన తలుపు

అనగా అనగా, కొండ దిగువన, వాగు ఒడ్డున ఒక ఊళ్ళో నీటి తిరగలి ఉండేదమ్మా. చేత్తో తిప్పేది కాదు, దాన్ని వాగే తిప్పేది.

కట్టినవాడు గవరయ్య. వాగు మీద రాతి కట్ట వేశాడు. నేరుగా ఎదురు నిలబెట్టలేదు, ఏటవాలుగా వేశాడు. నీళ్ళు కట్టని గుద్దకుండా దాని వెంట జారి కాలువలోకి పోవాలి. కాలువ చివర చెక్క చక్రం. చక్రం మీది గదిలో తిరగలి రాళ్ళు. కట్ట నడుమ మాత్రం మనిషి దూరేంత సందు వదిలి, ఒకదాని మీద ఒకటి మూడు పలకలు బిగించాడు. కొండ మీద మబ్బు కమ్మితే పలకలు ఎత్తేయాలి. వరద ఆ సందులోంచి పోతుంది, కట్ట నిలబడుతుంది.

గవరయ్యకి చూపు పోయాక తిరగలి కోడలు తవిటమ్మ చేతికొచ్చింది. బస్తా విసిరితే దోసెడు పిండి కూలి. ఆ పిండే ఇంటిల్లిపాదికీ కూడు. తవిటమ్మ పనిమంతురాలే. కాకపోతే నోరు పెద్దది, చెవి చిన్నది.

అప్పుడు వానలు ముఖం చాటేశాయి. వాగు సన్నబడింది. ఉన్న కాసిని నీళ్ళూ పలకల సందుల్లోంచి కారిపోయాయి. చక్రం ఆగింది. తవిటమ్మ అడుగు పలక తీసి, అక్కడ రాయీ సున్నమూ పెట్టించింది. చక్రం కదిలింది. మరుసటేడు మళ్ళీ ఆగింది. నడిమి పలక తీసి రాయి పెట్టించింది. మళ్ళీ కదిలింది.

మూడో ఏడు పై పలక మీద చెయ్యేసేసరికి ముసలాయన తడుముకుంటూ వచ్చాడు.

"అది వాగుకి తలుపే, తవిటీ. తలుపు నేకపోతే గోడ కూల్చుకుని వస్తాది."

"ఏటొచ్చేది? మూడేళ్ళై మొహం చూపని చుట్టానికి తలుపు కాడ కాపలానా? నీకు గంజి పోసేది నేను మావా, నీ వాగు కాదు!"

మొగుడు సింహాచలం నవ్వుతూ సున్నం కలిపాడు. సందు మూసుకుపోయింది. తీసిన పలకలు మూడూ పొయ్యిలోకే పోయాయి.

ఆ తర్వాత వాన వచ్చింది. మూడేళ్ళ వాన ఒక్క పగట్లోనే కురిసింది. వాగు ఎర్రగా ఉబ్బి కట్ట అంచుకి వచ్చింది. సింహాచలం సందు తెరుద్దామని గునపం పట్టుకుని కట్ట మీదికి పరిగెత్తాడు. ఒక దెబ్బ వేశాడు, సున్నం రాలింది. రెండో దెబ్బ వేశాడు, రాయి కదల్లేదు. మూడో దెబ్బకి కట్టకి కట్టే లేచిపోయింది. చక్రం పోయింది. తిరగలి పోయింది. తవిటమ్మ ఒడ్డున నిలబడి చూస్తుండగానే సింహాచలమూ పోయాడు.

మూడు రోజులు వెతికారు. చక్రం రెండు ఊళ్ళవతల ఇసుకలో దొరికింది. మనిషి దొరకలేదు.

గవరయ్య కోడల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. కట్ట మళ్ళీ కట్టాలన్నప్పుడు మాత్రం ఆయన అడిగాడు.

"పలకలున్నాయా, అమ్మా?"

తవిటమ్మ పొయ్యి వైపు చూసింది.

ఆ తర్వాత ఊరంతా రాళ్ళు మోసి కట్ట లేపారు. నడుమ సందు వదిలారు. అప్పుడు తవిటమ్మ ఇంటికెళ్ళి, వీధి తలుపు ఊడదీసి, నెత్తిన పెట్టుకుని తెచ్చింది. మూడు పలకల తలుపది. సింహాచలం తన చేత్తో చేసినది.

"మరి నీ ఇంటికో?" అన్నారు జనం.

"ఆయన్ని మీరెవరూ చూపించనేదు కదా! ఎప్పుడొచ్చినా తలుపు తట్టే పని నేకుండా నోపలికొస్తాడు. పలకలు బిగించండి."

ఆవిడ బతికినన్నాళ్ళూ మబ్బు కమ్మితే చాలు, వాగు తలుపు తనే ఎత్తేది. ఇంటికి మాత్రం మళ్ళీ తలుపు పెట్టించలేదు.

కథేమో వాగు దాటి కంచికి పోయింది,
నిద్రేమో గడప దాటి మంచానికొచ్చింది.