విప్పుకోని కట్టు

ఎక్కడైనా గుడ్డ చించిన చప్పుడు వినబడితే చాలు, చెంగల్రాయుడు తల దించుకుంటున్నాడు.

అతను ఎముకలకు కట్టు కట్టే నరసరాజు వైద్యుడి శిష్యుడు. మొన్నటిదాకా ఆ తల ఆకాశంలోనే ఉండేది. "నేను కట్టిన కట్టు ఏనుగు లాగినా జారదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. గురువు పొరుగూరు వెళ్ళిన రోజున నాదస్వరం వాయించే మునిరత్నం ముంజేయి విరిగి వచ్చాడు. చెంగల్రాయుడు వెదురుబద్దలు పెట్టి, తన బలమంతా చూపించి బిగించి కట్టాడు. విరిగిన చెయ్యి రాత్రికి వాస్తుందనీ, ఆ వాపుకు చోటు వదలాలనీ గురువు ఎన్నోసార్లు చెప్పిందే. పొగరు తలకెక్కితే చెవులు పనిచేయవు కదా.

మరునాడు మునిరత్నం మళ్ళీ వచ్చాడు. "వేళ్ళు మొద్దుబారినాయి సామీ. లోపలంతా మంటగా ఉండాది."

చెంగల్రాయుడు తన కట్టు చూసుకుని మురిశాడు గాని, వేళ్ళ వైపు చూడలేదు. "ఎముక అతుక్కునేటప్పుడు అట్లే ఉంటాది. ఓర్చుకో. విప్పినావంటే చెయ్యి వంకరపోతాది."

"మీరు చెప్తే సరే సామీ" అని మునిరత్నం వెళ్ళిపోయాడు.

గురువు తిరిగొచ్చి ఆ కట్టు కోసేసరికి వేళ్ళు నీలంగా ఉన్నాయి. మిగతావాటికి మెల్లగా రంగు తిరిగింది. చిటికెనవేలికి తిరగలేదు. నెత్తురు అందక అది అప్పటికే నల్లబడి చచ్చిపోయింది. పట్నంలో డాక్టర్లు దాన్ని తీసేశారు. ఇక మునిరత్నం నాదస్వరం అడుగు రంధ్రం మూయలేడు.

ఆ కబురు విన్నాక చెంగల్రాయుడు ఉండబట్టలేక గురువు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నాకేదైనా శిక్ష వేయండయ్యా. ఈ మొహం ఎవురికీ చూపించుకోలేకుండా ఉండాను."

నరసరాజు పేలిక ఒకటి తీసి, శిష్యుడి ఎడమ చిటికెనవేలి మొదట్లో బిగించి ముడివేశాడు. తర్వాత రోగుల పనిలో పడ్డాడు.

కాసేపటికి వేలు ఉబ్బి నీలమైంది. గోటి కింద సూదులు గుచ్చినట్టుంది.

"అయ్యా, నొప్పి."

"అట్లే ఉంటాది. ఓర్చుకో."

తాను మునిరత్నంతో అన్న మాటే. అతను గురువుకు చెప్పినట్టున్నాడు. చెంగల్రాయుడి చెవులు సిగ్గుతో కాలిపోయాయి. పళ్ళు కరుచుకుని కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చుంటాడు? చివరికి కుడిచెయ్యి తనంతట తానే వెళ్ళి ముడి లాగేసింది. నెత్తురు జివ్వున పారి వేలు ఎర్రబడింది. హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మరుక్షణమే తనమీద తనకే రోత పుట్టింది.

గురువు కోప్పడలేదు. కింద పడిన పేలిక తీసి మడత పెట్టాడు.

"విప్పుకునేదానికి మునిరత్నానికీ ఇంకో చెయ్యి ఉండె గదరా. ఎందుకు విప్పుకోలేదు?"

చెంగల్రాయుడికి జవాబు తెలుసు. మునిరత్నమే చెప్పి వెళ్ళాడు: "మీరు చెప్తే సరే సామీ."